ఉద్యోగం చేస్తూనే ఆరోగ్య నిర్వహణ చదువు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆసుపత్రుల్లోనూ ప్రభుత్వ ఆరోగ్య శాఖలోనూ పనిచేస్తున్న పాఠకుల నుంచి కొంతకాలంగా ఒకే రకమైన ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. చేస్తున్న ఉద్యోగం మానకుండా ఆసుపత్రి నిర్వహణలో గానీ ప్రజారోగ్య విధానంలో గానీ పీజీ చేయవచ్చా, చేస్తే ఏది ఎంచుకోవాలి అన్నది వారందరి సందేహం. వాటిలో అయిదు ఉత్తరాలను ఎంచుకుని ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి పదకొండేళ్లయింది. విజయవాడలో 200 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. వయసు 34. ఇద్దరు చిన్నపిల్లలు. ఎమ్మెస్సీ నర్సింగ్ చేయమని ఇంట్లో, హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చేయమని మా మెడికల్ సూపరింటెండెంట్ గారు చెబుతున్నారు. నెలకు ఆరు నైట్ డ్యూటీలు పడతాయి. ఏది చదవాలి, అసలు చదవగలనా?

జవాబు: అమ్మా, ఏ కోర్సు అన్న ప్రశ్నకు ముందు మరో ప్రశ్న ఉంది. అయిదేళ్ల తరువాత ఆసుపత్రిలో ఏ నిర్ణయం మీ చేతిలో ఉండాలని మీరు కోరుకుంటున్నారు? నర్సింగ్ కళాశాలలో బోధించాలని, లేదా నర్సింగ్ విభాగానికే పెద్దగా ఉండాలని ఉంటే ఎమ్మెస్సీ నర్సింగే సరైన దారి. బోధన ఉద్యోగాలకు ఆ డిగ్రీ అడుగుతారు. అలా కాక, ఏ వార్డులో ఎన్ని పడకలు ఉండాలి, ఏ షిఫ్టులో ఎంతమంది ఉండాలి, మందులూ పరికరాలూ ఎలా కొనాలి, రోగి చేరినప్పటి నుంచి ఇంటికి వెళ్లేదాకా ఎక్కడెక్కడ సమయం వృథా అవుతోంది అనే విషయాలు మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే నిర్వహణ చదువు మీది.

ఆ చదువు ఏం నేర్పుతుందో మీ ఆసుపత్రి లెక్కతోనే చెబుతాను. 200 పడకల్లో సగటున 80 శాతం నిండుతున్నాయనుకుందాం. అంటే రోజుకు 160 పడకలు, 30 రోజుల నెలకు 4,800 పడక రోజులు. ఒక్కో రోగి సగటున 5 రోజులు ఉంటే ఆ నెలలో 960 మందికి వైద్యం అందుతుంది. ఆ సగటు నాలుగున్నర రోజులకు తగ్గితే అవే పడకల మీద, అంతే సిబ్బందితో, దాదాపు 1,066 మందికి వైద్యం చేయవచ్చు. ఒక్క ఇటుక పేర్చకుండా నెలకు వంద మందికి పైగా చోటు దొరికినట్టే. అయితే కోలుకోని రోగిని తొందరపెట్టి పంపినా సగటు తగ్గుతుంది. అందుకే డిశ్చార్జ్ అయిన నెలలోపు తిరిగి చేరినవారి సంఖ్యను కూడా పక్కనే వేసి చూడాలి. ఈ రెండు అంకెలనూ కలిపి చదవడం తెలిసినవారు నిర్వాహకులు. మొదటిదాన్ని మాత్రమే చూసేవారి చేతిలో ఆసుపత్రి ప్రమాదకరంగా మారుతుంది. నా ఇన్నేళ్ల పరిపాలన అనుభవంలో ఇంతకన్నా గట్టిగా చెప్పదలచుకున్నది మరొకటి లేదు.

ఇక ఆ అర రోజు ఎక్కడ పోతోంది? ఉదయం 9 గంటల రౌండ్స్‌లో డాక్టరు గారు ‘ఈరోజు పంపించేయండి’ అంటారు. డిశ్చార్జ్ సమ్మరీ టైపు కావాలి, వాడని మందులు ఫార్మసీకి తిరిగి వెళ్లాలి, ల్యాబ్ బిల్లులు చేరాలి, బిల్లింగ్ వాళ్లు లెక్క తేల్చాలి, బీమా ఉంటే టీపీఏ (బీమా సంస్థ తరఫున క్లెయిములు చూసే సంస్థ) అనుమతి రావాలి. రోగి బయటపడేసరికి సాయంత్రం 5 అవుతుంది. బంధువులు కోపంతో మీ నర్సుల మీదే అరుస్తారు. ఆలస్యమంతా బీమా సంస్థలదేనని ఆసుపత్రుల్లో అందరూ నమ్ముతారు. కానీ బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ కోసం విన్నపం అందిన 3 గంటల్లోపు నగదు రహిత చికిత్సకు తుది అనుమతి ఇవ్వాలి. అది దాటినందువల్ల ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే ఆ మొత్తాన్ని బీమా సంస్థే భరించాలి. 9కి మొదలై 5కి ముగిసే ప్రయాణంలో మిగిలిన గంటలు ఆసుపత్రి గోడల లోపలే పోతున్నాయన్నమాట. మీ వార్డులో ఒక నెలపాటు ప్రతి డిశ్చార్జ్‌కీ ఏ పని ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ముగిసిందో రాసి పెట్టించండి. కోర్సులో చేరాక మీ ప్రాజెక్టుకు అంతకన్నా మంచి ముడిసరుకు దొరకదు. ఉద్యోగం లేని విద్యార్థి ఈ వివరాల కోసం నాలుగు చోట్ల అనుమతి అడగాలి, అడిగినా సగమే దొరుకుతాయి. మీకు అవి మీ టేబుల్ మీదే ఉన్నాయి. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఉండే అసలు బలం ఇదే కనుక, తరగతిలోకి మీ వార్డు లెక్కలు తెచ్చుకోనిచ్చే కోర్సునే ఎంచుకోమని నా సలహా.

అలాంటివి ఏవి? హైదరాబాదులో నిమ్స్ నడిపే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్, జూబ్లీహిల్స్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ అనుబంధంగా అపోలో సంస్థ నడిపే మాస్టర్స్ మంచి పేరున్నవే గానీ, అవి పూర్తికాలపు కోర్సులు. ఉద్యోగం నిలుపుకుంటూ చదవాలంటే ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ వారి ఎగ్జిక్యూటివ్ పీజీ డిప్లొమా ఇన్ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చూడండి. కొన్ని రోజుల ముఖాముఖి తరగతులు, మిగతాకాలం మీ ఆసుపత్రిలోనే ఉంటూ చేసే పని అన్న పద్ధతి దానిది. ఇగ్నో వారి హాస్పిటల్ అండ్ హెల్త్ మేనేజ్‌మెంట్ పీజీ డిప్లొమా ఖర్చు భరించగలిగిన వారికే కాక అందరికీ అందుబాటులో ఉండేది. బెంగళూరు నుంచి బెజవాడ దాకా ప్రకటనల్లో కనిపించే ఎంబీఏలన్నిటినీ వీటితో సమానంగా చూడవద్దు. ప్రవేశానికి ఎన్నేళ్ల అనుభవం కావాలో ఆ ఏటి ప్రకటనలో సరిచూసుకోండి.

చదవగలరా అన్నారు. వారానికి కనీసం పది గంటలు మీవి అని ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ముందే మాట తీసుకోగలిగితే చదవగలరు. నైట్ డ్యూటీ దిగిన రోజున చదువుకుంటాననే ఆశ పెట్టుకోకండి; ఆ రోజు నిద్రకే. ముఖాముఖి తరగతుల తేదీలు రాగానే డ్యూటీ రోస్టర్ మార్పును కాగితం మీద రాయించుకోండి. నోటి మాట మీద నడిచిన సర్దుబాటు, మాట ఇచ్చిన అధికారి మారిన రోజునే ముగిసిపోతుంది. ఫీజులో కొంత ఆసుపత్రి భరిస్తానంటే సంతోషమే, కానీ దానికి బదులుగా ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలో, మధ్యలో మానితే ఎంత చెల్లించాలో చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: ఆదిలాబాద్ జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని. ఎంబీబీఎస్ తరువాత నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాను. ఎండీ కమ్యూనిటీ మెడిసినా, ఎంపీహెచ్చా (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) అన్నది తేలడం లేదు. పైగా ‘విధానం’ అనే మాట సచివాలయంలో కూర్చునే వారికి సంబంధించినదిగా అనిపిస్తుంది. రోజుకు నూటయాభై ఓపీ చూసే నాకు అది ఎలా పనికొస్తుంది?

జవాబు: డాక్టరు గారూ, మీ రెండో సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మొదటిదాని జవాబు అందులోనే ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం ప్రసవాలు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఒక తరం కిందట ఊహించలేని విజయమిది. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, 108 వాహనాలు, 2017లో మొదలైన కేసీఆర్ కిట్ లాంటి పథకాలు అందరూ కలిస్తే వచ్చింది. అదే సర్వేలో మరో అంకె ఉంది. తెలంగాణ ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. తల్లినీ బిడ్డనూ కాపాడే పెద్దాపరేషన్ అవసరమైన చోట జరగాల్సిందే, కానీ పది మందిలో ఆరుగురికి అది అవసరమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. మీ కేంద్రం నుంచి పంపిన గర్భిణి పట్టణంలో ఆపరేషన్ చేయించుకుని తిరిగి వస్తే, కుట్లు చీము పట్టినప్పుడు మీ ఓపీ వరుసలోనే నిలబడుతుంది.

దీనికి కారణాలు వెతకడమే విధాన అధ్యయనం. ముహూర్తం చూసుకుని ఆపరేషన్ అడిగే కుటుంబాలు ఉన్నాయి. నొప్పులు పడే తల్లి పక్కన గంటల తరబడి ఉండగల శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు చాలినంతమంది లేరు. ఆ కొరత తీర్చడానికే రాష్ట్రం 2017లో నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ ప్రసవానికి పట్టే సమయానికీ, ఆపరేషన్‌కు వచ్చే రాబడికీ మధ్య తేడా ఉంది. మొదటి ప్రసవం ఆపరేషనైతే రెండోదీ చాలావరకు అదే అవుతుంది. ఈ నాలుగింటిలో మీ మండలంలో ఏది బలంగా పనిచేస్తోందో హైదరాబాదులో కూర్చున్నవారికి తెలియదు, మీ రిజిస్టర్లకు తెలుసు. వాటిని చదివి, వయసు వారీగా, కాన్పు వారీగా, ఆసుపత్రి వారీగా విడదీసి, డీఎంహెచ్‌వో గారి నెలవారీ సమావేశంలో ఒక పేజీలో పెట్టగలిగితే అది విధాన రచనే.

డబ్బు చెల్లించే పద్ధతి వైద్యుల నిర్ణయాలను ఎలా మారుస్తుందో మన రాష్ట్రాలకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలోని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అనుకున్న కుటుంబాలకు అది ప్రాణం పోసింది. తరువాతి ఏళ్లలో కొన్ని చికిత్సలు, ముఖ్యంగా గర్భసంచి తొలగింపు, అవసరానికి మించి జరుగుతున్నాయన్న ఆందోళన తలెత్తి, అలాంటి వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయాల్సి వచ్చింది. ప్యాకేజీ ధర ఎంత పెట్టాలి, ముందస్తు అనుమతి ఎవరివ్వాలి, దుర్వినియోగాన్ని ఎలా పట్టుకోవాలి అనే ప్రశ్నలు అక్కడి నుంచే పుట్టాయి. ఓపీ మందులు, పరీక్షల ఖర్చు మాత్రం ఆ పథకం పరిధిలోకి పెద్దగా రాలేదు. దేశంలో మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 39.4 శాతానికి తగ్గింది. ఇంకా తగ్గాలంటే మీ కేంద్రంలో బీపీ, షుగరు మాత్రలు నెలంతా దొరకాలి.

ఇప్పుడు కోర్సు సంగతి. వైద్య కళాశాలలో బోధించాలన్న కోరిక ఏ మూలనున్నా ఎండీయే చేయండి. ఎంపీహెచ్ ఆ అర్హతకు ప్రత్యామ్నాయం కాదు. ఎండీకి నీట్ పీజీ రాయాలి, సర్వీసులో ఉన్నవారికి ఉన్న వెసులుబాటును వాడుకోవచ్చు, మూడేళ్లు ఓపీకి దూరం కావాలి. ఇప్పుడున్న స్థానంలోనే ఉండి జిల్లా స్థాయి కార్యక్రమాల బాధ్యతకు ఎదగాలనుకుంటే ఎంపీహెచ్ మంచిది. తిరువనంతపురంలోని అచ్యుత మేనోన్ కేంద్రం 1997లోనే ఆ డిగ్రీని మొదలుపెట్టింది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ప్రభుత్వ సర్వీసులోని వైద్యులకు తరగతులతో పాటు క్షేత్రస్థాయి పనిని ప్రధానంగా పెట్టి నేర్పే సంప్రదాయం ఉన్న చోటు. హైదరాబాదులో 2008 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఎంపీహెచ్ ఉంది. డబ్బు పెట్టకముందే మీకు ఈ చదువు పడుతుందో లేదో తెలుసుకోవాలంటే, చెన్నై సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా నడిపే ఆరోగ్య పరిశోధన ప్రాథమిక కోర్సును పూర్తిచేసి చూడండి.

2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రజారోగ్య నిర్వహణకు ప్రత్యేక కేడర్ ఉండాలని చెప్పింది. 2022 ఏప్రిల్‌లో కేంద్రం దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం కనుక పోస్టులు సృష్టించాల్సింది రాష్ట్రమే. అందువల్ల రేపే పదోన్నతి వస్తుందన్న లెక్కతో చేరవద్దు. చేరేముందు శాఖ అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవడం మాత్రం మరచిపోవద్దు. అనుమతి లేకుండా చదివిన డిగ్రీని సర్వీసు రిజిస్టరులో నమోదు చేయించడానికి ఏళ్ల తరబడి తిరిగిన వైద్యులను నేను ఎరుగుదును.

ప్రశ్న: కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా పనిచేస్తున్నాను. బీకాం చదివాను. ఇక్కడొక స్టడీ సెంటర్ వారు ఇంకో రాష్ట్రపు విశ్వవిద్యాలయం పేరు చెప్పి, ఏడాదిలోనే ఎంబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ ఇప్పిస్తామంటున్నారు. పరీక్షల సంగతి తామే చూసుకుంటారట. యాభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దు తమ్ముడూ. ఎంబీఏ రెండేళ్ల డిగ్రీ. ఏడాదిలో ఇస్తామన్నవారు వెనకటి తేదీ వేసి ఇస్తామని చెబుతున్నట్టే, అలాంటి కాగితం పరిశీలనకు వెళ్లిన రోజున మీ ఉద్యోగం, పరువు రెండూ పోతాయి. విశ్వవిద్యాలయాలు దూరవిద్యను ఫ్రాంచైజీలకు అప్పగించడాన్ని యూజీసీ నిషేధించింది. ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సును దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడిపే అనుమతి ఉందో యూజీసీ దూరవిద్యా మండలి (డెబ్) వెబ్‌సైట్‌లో విద్యా సంవత్సరం వారీగా ఉంటుంది. ప్రవేశం కోరే విద్యార్థి కూడా అక్కడే తన పేరిట డెబ్ గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. మధ్యవర్తితో పనిలేకుండా ఇదంతా మీ సెల్‌ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అనుమతి ఉన్న సంస్థ ఇచ్చే దూరవిద్య డిగ్రీని తక్కువగా చూడనక్కరలేదు. అది చట్టరీత్యా చెల్లుతుంది.

మీ పని గురించి ఒక మాట. కేసు నమోదు, ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి), ఏ కాగితం లేక క్లెయిమ్ తిరిగొచ్చింది అన్నవి మీకు కొట్టిన పిండి. ఆసుపత్రుల బీమా విభాగాలకు కావలసింది ఆ అనుభవమే. మీ ఆసుపత్రిలో ఆరు నెలల్లో తిరస్కరణకు గురైన క్లెయిములను కారణాల వారీగా విడదీసి ఒక పట్టిక తయారుచేయండి. తరువాత అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమో ఇగ్నోయో, అనుమతి ఉన్న చోట నిదానంగా చేరండి. ఏ ఇంటర్వ్యూలోనైనా మీ పట్టిక గురించే ఎక్కువసేపు అడుగుతారు.

ప్రశ్న: గుంటూరులో బీడీఎస్ చేసి నాలుగేళ్లు ప్రాక్టీసు చేశాను. పెళ్లయ్యాక హెచ్-4 వీసా మీద డాలస్ వచ్చాను. ఇక్కడ డెంటిస్టుగా లైసెన్సు పొందడానికి చాలా కాలం పట్టేలా ఉంది. హెల్త్‌కేర్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డంకి లేదమ్మా, అడ్డంకి ఉద్యోగానికే. మీ భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉంటే 2015 నుంచి ఉన్న నిబంధన కింద మీరు పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది రాకపోతే, చదువు తరువాత ఏడాదిపాటు పనిచేసే వీలు ఎఫ్-1 విద్యార్థులకే ఉంటుంది. మాస్టర్స్‌ను స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోవలో చేర్చిన చోట ఆ పైన మరో 24 నెలలు దొరుకుతుంది. మామూలు హెల్త్ అడ్మినిస్ట్రేషన్ డిగ్రీలు చాలావరకు ఆ కోవలోకి రావు. హెల్త్ ఇన్‌ఫర్మాటిక్స్ వంటివి రావచ్చు. ఎఫ్-1 మీద పూర్తి ఆన్‌లైన్ కోర్సు కుదరదన్నది కూడా గుర్తుంచుకోండి. కాబట్టి కళాశాల ఎంపికకన్నా ముందు ఒక ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో గంటసేపు మాట్లాడటం అవసరం.

కోర్సు విషయంలో, నిర్వహణ డిగ్రీకి సీఏహెచ్ఎంఈ (CAHME) గుర్తింపు, ప్రజారోగ్య డిగ్రీకి సెఫ్ (CEPH) గుర్తింపు ఉందేమో చూడండి; ఇవి అక్కడ ఆ కోర్సుల నాణ్యతను పరిశీలించే సంస్థలు. ఎగ్జిక్యూటివ్ కోర్సులు ఇప్పటికే నిర్వహణ స్థానాల్లో ఉన్నవారి కోసం రూపొందినవి. మీకు సాధారణ ఎంహెచ్‌ఏ (మాస్టర్ ఆఫ్ హెల్త్ అడ్మినిస్ట్రేషన్) తగినది, అందులో ఆసుపత్రిలో చేసే ఇంటర్న్‌షిప్ తప్పనిసరిగా ఉండాలి. అక్కడి బిల్లింగ్ భాష కొత్తగా ఉన్నా దాని ఆత్మ మీకు పరిచయమైనదే. 1983లో అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్, ఆసుపత్రులకు ఖర్చు ఎంతైతే అంత చెల్లించడం మానేసి, జబ్బును బట్టి ముందే నిర్ణయించిన మొత్తం ఇవ్వడం మొదలుపెట్టింది. మన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ వెనకా ఉన్న ఆలోచన అదే. ఆ పోలికను మీ దరఖాస్తు వ్యాసంలో మీ గుంటూరు అనుభవంతో కలిపి రాయండి.

ప్రశ్న: భీమవరంలో 30 పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాను. వయసు 52. వైద్యం వచ్చు గానీ నిర్వహణ చేతకావడం లేదనిపిస్తోంది. ఈ వయసులో పీజీ చేయాలా?

జవాబు: అవసరం లేదు డాక్టరు గారూ. రెండేళ్ల డిగ్రీకి పెట్టే సమయాన్ని మీ రోగులు కోల్పోతారు. నెలల్లో ముగిసే చిన్న కోర్సులు మీకు చాలు. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆరోగ్య రంగంలో ఉన్నవారికి శిక్షణ ఇస్తుంది. పూర్తిస్థాయి కోర్సుకు మీ దగ్గర నమ్మకంగా పనిచేస్తున్న మేనేజరునో హెడ్ నర్సునో పంపండి, ఫీజు మీరు భరించండి.

అంతవరకు చట్టం అడిగేవాటితో మొదలుపెట్టండి. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద మీ రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడు ముగుస్తుందో చూడండి. ఆసుపత్రి వ్యర్థాల విషయంలో 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరు చేస్తున్నారా, శుద్ధి చేయని వ్యర్థాలు 48 గంటలు దాటి మీ ఆవరణలో ఉంటున్నాయా అన్నది ఈ వారమే స్వయంగా వెళ్లి చూడండి. ఆ తరువాత చిన్న ఆసుపత్రుల కోసం ఎన్ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) పెట్టిన ప్రవేశ స్థాయి ప్రమాణాలను తెప్పించుకుని, అందులో మీ దగ్గర ఇప్పటికే ఉన్నవాటి పక్కన టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. టిక్కు పడని వరుసలే మీరు పంపబోయే మేనేజరుకు ప్రాజెక్టు అంశాలు.